పైకప్పు మీద కాపురాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో పక్షుల గొడవలే ఎక్కువగా ఉన్నాయి. ఒకరికి ఇంగ్లండులో సీగల్‌తో పేచీ అయితే, ఇంకొకరికి తిరుపతిలో కాకితో, మరొకరికి పావురాలతో. అన్నిటికీ మూలం మాత్రం మనం పారేసే తిండి, మనం కట్టుకున్న గోడలే కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వీటికే కేటాయిస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించి, పేర్లు తీసేసి ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో బ్రైటన్ అనే సముద్రతీర పట్టణంలో ఉంటారు. మనవడిని చూసుకోవడానికి మే నెలలో ఇక్కడికి వచ్చాను. ఇంటి పైకప్పు మీద పొగగొట్టం వెనక ఒక సీగల్ జంట గూడు పెట్టింది. జూన్ వచ్చేసరికి పిల్లలు బయటపడ్డాయి. అప్పటి నుంచి బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళితే చాలు, తలమీదికి దూసుకువస్తున్నాయి. మొన్న సముద్రం ఒడ్డున మనవడి చేతిలోని బంగాళాదుంప వేపుళ్లను ఒకటి తన్నుకుపోయింది. మా అల్లుడు నిచ్చెన వేసి గూడు తీసేద్దామంటున్నారు. పిల్లలున్న గూడు పడగొడితే పాపమని నేను అడ్డుపడుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: పాపపుణ్యాల సంగతి తర్వాత చూడవచ్చునమ్మా, ముందు మీ అల్లుడిగారిని నిచ్చెన దించమనండి. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పక్షి ఏదైనా సరే, అది గూడు కడుతున్నప్పుడు గానీ, ఆ గూటిలో కాపురం ఉన్నప్పుడు గానీ దాన్ని పాడుచేయడం నేరం. ఆరు నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అనివార్యమైన కారణం ఉన్నవారు ప్రభుత్వ సంస్థ నుంచి ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలి గానీ, "నా ఇల్లు, నా పైకప్పు" అన్న వాదన అక్కడ చెల్లదు. పైగా మీరు చూస్తున్నది హెర్రింగ్ గల్ అనే రకం సీగల్ అయివుండే అవకాశం ఎక్కువ. ఊళ్లో ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది కాబట్టి లెక్కకు మించి ఉన్నట్టు తోస్తుంది గానీ, బ్రిటన్ మొత్తం మీద దాని సంఖ్య కొన్ని దశాబ్దాలలో సగానికి పైగా పడిపోయింది. 2009 నుంచి అది అక్కడి పక్షుల ఎర్రజాబితాలో, అంటే ఎక్కువ ఆందోళన కలిగించే స్థితిలో ఉన్న పక్షుల జాబితాలో ఉంది.

అసలు సముద్రపు పక్షికి ఇంటి కప్పు మీద ఏం పని అని మీకు అనిపించవచ్చు. హెర్రింగ్ గల్ పుట్టుకతో కొండచరియల పక్షి. నక్క ఎక్కలేని ఎత్తు, కింద తిండి దొరికే నీరు, రెక్క విప్పగానే దొరికే గాలి ఉంటే దానికి చాలు. నాలుగంతస్తుల ఇల్లు, పొగగొట్టం, దగ్గరలో చెత్తబుట్ట ఉన్న ఊరు దాని కంటికి ఇంకాస్త వెచ్చటి కొండచరియగానే కనిపిస్తుంది. 1956లో వచ్చిన స్వచ్ఛవాయు చట్టంతో చెత్తకుప్పలను తగలబెట్టడం ఆగిపోయి, తిండి పదార్థాలు కాలకుండా మిగిలిపోవడం వల్లనే ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో గల్స్ పట్టణాలలో బాగా నిలదొక్కుకున్నాయని అక్కడి పక్షి శాస్త్రజ్ఞులు చెబుతారు. ఇటు సముద్రంలో చేపలు తగ్గడం, అటు ఊళ్లో ఎంగిలి పెరగడం రెండూ కలిసివచ్చాయి. ఆ పక్షిని ఊళ్లోకి పిలిచింది ఒక విధంగా మనుషులే.

ఇక మీ తలమీది దాడుల విషయం. ఇవి ఏడాది పొడవునా ఉండేవి కావు. ఏప్రిల్ చివర, మే మొదట్లో ఈ పక్షి రెండు మూడు గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ వంతులవారీగా నాలుగు వారాలు పొదుగుతాయి. పిల్ల గుడ్డులోంచి బయటపడిన కొద్ది రోజులకే గూడు దాటి కప్పు మీద తిరగడం మొదలుపెడుతుంది. ఎగరడానికి మాత్రం అయిదారు వారాలు పడుతుంది. ఈ అయిదారు వారాలే మీకు ఇబ్బంది, ముఖ్యంగా ఎగరడం ఇంకా రాని పిల్ల కప్పు మీద నుంచి జారి పెరట్లో పడ్డ రోజులలో. ఆగస్టు గడిచేసరికి గొడవ సద్దుమణుగుతుంది.

దాడికి కూడా ఒక వరస ఉంది. మొదట గొంతు చించుకుని అరుస్తుంది, అది హెచ్చరిక. మీరు కదలకపోతే తలకు దగ్గరగా దూసుకుపోతుంది, కొన్నిసార్లు పైనుంచి రెట్ట వేస్తుంది, కక్కుతుంది. అప్పటికీ పోకపోతేనే కాళ్లతో తంతుంది. రెక్కలు చాస్తే నాలుగున్నర అడుగులుండే పక్షి కాబట్టి వెనకనుంచి వచ్చి తాకితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. చేతులు ఆడించకండి, పరుగెత్తకండి. గొడుగు తెరిచి పట్టుకుని గోడ వారగా నడవండి, అది తన్నినా గొడుగుకే తగులుతుంది. వీలైతే ఈ కొన్ని వారాలు బట్టలు ఇంటి ముందు వైపు ఆరేసుకోండి.

పిల్ల కిందపడి కనిపిస్తే జాలితో ఇంట్లోకి తెచ్చుకోవద్దు. తల్లిదండ్రులు నేలమీద కూడా దానికి తిండి పెడతాయి. రోడ్డు మీద పడివుంటే తువ్వాలు కప్పి తీసి పక్క తోటలోనో, తక్కువ ఎత్తు కప్పు మీదనో పెడితే చాలు. ఆ పని చేస్తున్నప్పుడు మాత్రం ఇంకొకరు పైన గొడుగు పట్టాలి. రెక్క విరిగినట్టు తెలిస్తే అక్కడి వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి ఫోన్ చేయండి.

పిల్ల కప్పు మీద తిరుగుతుండగా మీరు మేడ కిటికీలోంచి కాసేపు గమనించగలిగితే ఒక చక్కని సంగతి కనిపిస్తుంది. తల్లి పసుపుపచ్చ ముక్కు కింది భాగంలో ఒక ఎర్రటి చుక్క ఉంటుంది. పిల్ల ఆ చుక్కనే గురిచూసి టకటకా పొడుస్తుంది, ఆ పోటుకు తల్లి తాను మింగి తెచ్చిన తిండిని కక్కి పిల్ల ముందు పెడుతుంది. నికో టింబర్జెన్ అనే శాస్త్రజ్ఞుడు అట్టముక్కలతో తల్లి తల నమూనాలు చేసి, చుక్క రంగు మార్చి మార్చి చూపి ఈ చుక్క మర్మం తేల్చారు. జంతువుల ప్రవర్తన మీద చేసిన పరిశోధనలకు 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

వేపుళ్లు పోయిన సంగతికి వస్తాం. ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు కార్న్‌వాల్ తీరపట్టణాలలో చేసి 2019లో ప్రకటించిన పరిశోధనలో, నేలమీద పెట్టిన వేపుళ్ల సంచి వైపు వచ్చే గల్‌ను మనిషి కన్నార్పకుండా చూస్తుంటే, చూపు తిప్పుకున్నప్పటి కన్నా అది సగటున 21 సెకన్లు ఆలస్యంగా దగ్గరికి వచ్చిందని తేలింది. కాబట్టి ఒడ్డున తినేటప్పుడు గోడకు వీపు ఆనించి, పిల్లవాడిని మధ్యలో కూర్చోబెట్టుకుని, దగ్గరకు వచ్చే పక్షిని సూటిగా చూడండి. అది వచ్చేది ఎక్కువగా వెనకనుంచే. మీ మనవడు బ్రెడ్డు ముక్కలు విసురుతున్నాడేమో మాత్రం కనుక్కోండి, ఆ అలవాటు ఉంటే ఈ జవాబులో మిగతా భాగమంతా వృథా.

మళ్లీ ఏడాది ఈ తిప్పలు వద్దనుకుంటే పని చేయవలసింది పక్షులు లేనప్పుడు. శీతకాలంలో, ఫిబ్రవరి దాటకముందే, ఖాళీ గూడు తీయించి పొగగొట్టం చుట్టూ బిగువుగా వల కట్టించాలి. అద్దె ఇల్లయితే ఇంటివారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. మేకుల పట్టీలు ఒక్కోసారి గూటి పుల్లలకు ఆసరా అవుతాయి. ప్లాస్టిక్ గుడ్లగూబ బొమ్మ కొన్ని రోజులు భయపెడుతుంది, తర్వాత గల్ దాని నెత్తిమీదే కూర్చుంటుంది. చెత్తను నల్లటి పలచని సంచులలో బయట పెట్టవద్దు. ఇంగ్లండులోని బాత్ నగరంలో ముక్కుతో చింపలేని మందపాటి సంచులు ఇళ్లకు పంచడానికి కారణం ఇదే.

ప్రశ్న: చిత్తూరులో ఉపాధ్యాయుడిని. పిల్లలను పులికాట్ సరస్సుకు తీసుకువెళ్లినప్పుడు ఫ్లెమింగోలతో పాటు సీగల్స్ గుంపులను కూడా చూశాం. విదేశాలలో అవి ఇళ్ల మీద గూళ్లు పెడతాయంటారు కదా, మన సూళ్లూరుపేటలోనో, తడలోనో ఎందుకు పెట్టవని ఒక విద్యార్థిని అడిగింది. చెప్పలేకపోయాను.

జవాబు: మంచి ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికి మా అభినందనలు తెలపండి. మీరు చూసినవి గూడు పెట్టడానికి వచ్చినవి కావు, చలికాలం గడపడానికి వచ్చినవి. మన తీరంలో ఎక్కువగా కనిపించే గోధుమతల గల్ లదాఖ్, టిబెట్ వంటి ఎత్తయిన పీఠభూములలోని సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, అక్కడ నీళ్లు గడ్డకట్టేలోగా దక్షిణానికి దిగి వస్తుంది. అక్టోబరు ప్రాంతంలో వచ్చి, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతుంది. గూడు లేదు కాబట్టి మిద్దెతో పనిలేదు, పిల్లలు లేవు కాబట్టి మనిషి మీద కోపమూ లేదు.

జనవరిలో వెళితే గోధుమతల గల్‌కు గోధుమ తల ఉండకపోవడం చూసి పిల్లలు తికమకపడి ఉంటారు. చలికాలపు ఈకలలో దాని తల తెల్లగా ఉండి, కంటి వెనక ఒక ముదురు చుక్క మాత్రమే ఉంటుంది. ముక్కు, కాళ్లు ఎర్రగా ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ముందు తలంతా కాఫీ రంగు టోపీ తొడిగినట్టు మారుతుంది. దానితో కలిసి తిరిగే నల్లతల గల్ కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. రెండింటినీ విడదీయాలంటే కన్ను చూడాలి: గోధుమతల గల్ కంటిపాప చుట్టూ లేతగా, నల్లతల గల్‌కు ముదురుగా ఉంటుంది. దుర్భిణి ఉంటే పిల్లలతో ఈ ఆట ఆడించవచ్చు.

పులికాట్ చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. చిన్న చేపలు, రొయ్యలు, బురదలోని పురుగులు, పడవల దగ్గర పారేసే చేప వ్యర్థాలు అన్నీ అక్కడే దొరుకుతుండగా గల్ ఊళ్లోకి రావలసిన అవసరం లేదు. అంతకన్నా ముఖ్యమైన మాట, మన ఊళ్లలో ఆ కొలువులు ఖాళీగా లేవు. అక్కడ గల్ చేసే ఏరివేత పని ఇక్కడ కాకి, గద్ద ఎప్పటి నుంచో చేస్తున్నాయి. కింద వచ్చే ఉత్తరాలు చదివితే మీ విద్యార్థినికి ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

మనుషుల పక్కనే గూడు పెట్టే నీటిపక్షులను చూపించాలంటే పులికాట్‌కు దగ్గరలోనే ఉన్న నేలపట్టుకు తీసుకువెళ్లండి. గూడబాతులు చెరువులోని చెట్ల మీద వందలాదిగా గూళ్లు పెడతాయి. వాటి రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని ఆ ఊరివాళ్లు ఎప్పుడో గ్రహించి, పక్షుల జోలికి ఎవరినీ పోనివ్వరు. పక్షి వల్ల లాభం కళ్లముందు కనిపించే చోట సహవాసం సులువు. మిగతా ఉత్తరాలన్నీ అలా కనిపించని చోట్ల నుంచి వచ్చినవే.

ప్రశ్న: శ్రీకాళహస్తి నుంచి కాశీయాత్రకు వెళ్లాం. గంగలో పడవ ఎక్కగానే తెల్లటి పక్షులు వందల కొద్దీ చుట్టుముట్టాయి. పడవవాళ్లు సన్న కారప్పూస పొట్లాలు అమ్ముతున్నారు, అందరూ కొని విసురుతున్నారు. మేమూ విసిరాం. పుణ్యమేనా, ఉప్పుకు అవి చచ్చిపోతాయని ఒకాయన అన్నారు. నిజమేనా?

జవాబు: అవీ గల్సే, చలికాలపు అతిథులే. ఉప్పు గురించి చెప్పినాయన మాట అంత ఖాయం కాదు. గల్స్‌కు కళ్ల పైభాగాన ప్రత్యేకమైన గ్రంథులు ఉంటాయి. ఒంట్లో ఎక్కువైన ఉప్పును అవి గాఢమైన నీరుగా మార్చి ముక్కు రంధ్రాల గుండా కార్చేస్తాయి. సముద్రపు నీళ్లు తాగి బతికే పక్షికి ఆ ఏర్పాటు లేకపోతే కుదరదు.

అయితే మీరు చేసింది మేలని కూడా చెప్పలేం. శనగపిండి, నూనె కడుపు నింపుతాయి గానీ, వేల కిలోమీటర్లు తిరిగి ఎగరవలసిన పక్షికి చేపలో దొరికే సత్తువ వాటిలో లేదు. పొట్లం విప్పే చప్పుడుకే గుంపు చేరడం అలవాటవుతుంది. ఇరుకు చోట వందల పక్షులు ఒకదాని మీద ఒకటి పడితే రోగాలు అంటుకోవడం సులువు. పొట్లాల కవర్లు గంగలోకే పోతాయి. ఈసారి వెళితే పడవవాడికి ఆ డబ్బేదో కూలి మీద అదనంగా ఇచ్చి, పక్షులను ఊరికే చూడండి. అవి ఉదయం వేళ నీటి మీద చేపలకు దిగే తీరు కారప్పూస కోసం కొట్లాడుకునే తీరుకన్నా ఎంతో బాగుంటుంది.

ప్రశ్న: మాది వాకాడు దగ్గర తీరగ్రామం. ఇసుకలో ఎండబెట్టిన చేపలను కాకులు, గద్దలు, చలికాలంలో ఈ తెల్లపక్షులు ఎత్తుకుపోతున్నాయి. మా వదిన పొద్దంతా కర్ర పట్టుకుని కూర్చోవలసి వస్తోంది.

జవాబు: నేలమీద ఎండబెట్టినంత కాలం కర్ర తప్పదు. నడుము ఎత్తు కొయ్యబల్లలు వేసి, వాటి మీద వల పరిచి, ఆ వల మీద చేపలు ఎండబెట్టి, పైన ఇంకో వల కప్పండి. కింద నుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి త్వరగా ఎండుతాయి, ఇసుక అంటదు, ధర కూడా మెరుగ్గా పలుకుతుంది. పై వల చేపలకు జానెడు ఎత్తున బిగువుగా ఉండాలి. వదులుగా ఉంటే పక్షి వలమీద వాలి కిందికి ముక్కు దూరుస్తుంది, లేదా కాళ్లు చిక్కుకుని చస్తుంది. చిరిగిన పాత వలలు వాడేటప్పుడు పెద్ద రంధ్రాలు కుట్టి మరీ వాడండి.

రెండో సంగతి, చేపలు శుభ్రం చేసిన తలలు, పేగులు ఎండబెట్టే చోటుకు పక్కనే పోస్తున్నారేమో చూడండి. పక్షులను రోజూ విందుకు పిలిచి, పక్క విస్తరి ముట్టవద్దంటే అవి వినవు. వాటిని దూరంగా గుంత తీసి పూడ్చండి, లేదా కోళ్ల మేతకు కొనేవారు ఉంటే ఇవ్వండి.

ప్రశ్న: బైరాగిపట్టెడలో ఉంటాం. ఎండాకాలంలో మిద్దె మీద వడియాలు పెట్టుకోవడం మా అత్తగారి కాలం నుంచీ అలవాటు. ఈ ఏడాది పక్కింటి వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. మిద్దె ఎక్కితే నెత్తిమీద తన్నిపోతోంది. మిగతావాళ్లను వదిలేసి నన్నే పట్టుకుంది. చెట్టు కొమ్మ కొట్టించవచ్చా? కాకి తన్నితే దోషమంటారు, శాంతి చేయించాలా?

జవాబు: బ్రైటన్ నుంచి రాసిన అమ్మగారి సమస్యే మీదీను, పక్షి మాత్రమే వేరు. కాకి మూడు నుంచి అయిదు గుడ్లు పెట్టి పదహారు పదిహేడు రోజులు పొదుగుతుంది, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు పిల్లలు గూడు విడుస్తాయి. మీ మీద కోపమంతా ఈ రెండో భాగంలోనే. దానికి శని దోషంతో సంబంధం లేదు. మహాలయ పక్షంలో ముద్ద పెట్టి పిలిచే పక్షే మేలో పిల్లలను కాపాడుకోవడానికి తన్నుతుంది. శాంతి చేయించడం మీ నమ్మకానికి సంబంధించిన విషయం, మా వరకు గొడుగు చాలు.

మిమ్మల్నే ఎందుకు పట్టుకుందంటే, ఏదో ఒక రోజు మీరు చీపురో కర్రో ఎత్తి అదిలించి ఉంటారు. కాకులు మనిషి ముఖం గుర్తుపెట్టుకుంటాయి. అమెరికాలోని సియాటెల్ నగరంలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు ఒక ముఖం తొడుగు వేసుకుని కొన్ని కాకులను పట్టి వదిలారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ తొడుగు ఎవరు వేసుకుని కనిపించినా అక్కడి కాకులు వెంటపడి అరిచాయి. వేరే తొడుగు వేసుకున్నవారిని పట్టించుకోలేదు. అది అక్కడి జాతి కాకి, మనది వేరే జాతి. అయినా కాకితో పగ పెట్టుకోవద్దని మన పెద్దవాళ్లు అన్నది వట్టి మాట కాదు. ఈ నెలంతా వడియాలు పెట్టే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి.

కొమ్మ కొట్టించవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లను కదిలించడం కూడా చేరివున్నాయి. ఒకప్పుడు కాకిని హానికర జంతువుల జాబితాలో పెట్టి ఈ రక్షణ నుంచి తప్పించారు గానీ, 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తివేశారు. అదీగాక ఆ గూట్లో ఉన్నవన్నీ కాకి పిల్లలే అనుకోవద్దు, ఎండాకాలంలో మీరు వినే కోకిల తన గుడ్లను పెట్టేది కాకి గూట్లోనే.

వడియాలకు మాత్రం పాత దోమతెరను మించినది లేదు. నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, మధ్యలో చెంబులు బోర్లించి, వాటి మీద తెర పరిస్తే తడి పిండికి అంటుకోదు. కొందరు చుట్టూ ఎండుమిరపకాయలు పెడతారు. పక్షుల నాలుకకు మిరప ఘాటు తెలియదు, చిలకలు పచ్చిమిరపకాయలు కొరుక్కు తినడం మనం చూస్తూనే ఉంటాం. ఎర్ర రంగుకో, కొత్త వస్తువుకో బెదిరి కాకి ఒక పూట రాకపోవచ్చు. అంతకు మించి ఆ మిరపకాయల వల్ల ప్రయోజనం లేదు.

ప్రశ్న: ఎం.ఆర్.పల్లిలో అపార్టుమెంటు. ఏసీ పెట్టె వెనక పావురాలు. ఒక జత పిల్లలు పోగానే మళ్లీ గుడ్లు. మా నాన్నగారికి ఆయాసం. కింద ఒకాయన రోజూ బస్తాల కొద్దీ జొన్నలు చల్లుతారు. అడిగితే పుణ్యానికి అడ్డుపడతావా అంటారు.

జవాబు: ఈ ఉత్తరాలన్నిటిలో ఆరోగ్యరీత్యా ఎక్కువ జాగ్రత్త పడవలసింది మీరే. పావురాల ఎండిన రెట్ట, ఈకల ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే కొందరిలో ఊపిరితిత్తులు వాచి, క్రమంగా గట్టిపడే జబ్బు వస్తుంది. ఇంట్లో పావురాలున్న సంగతి మీ నాన్నగారిని చూసే వైద్యుడికి తప్పకుండా చెప్పండి. అడగకపోతే చెప్పాలని చాలామందికి తోచదు.

పావురం కూడా పుట్టుకతో రాతిచరియల పక్షే, అందుకే సన్నటి గట్టు కనబడితే వదలదు. గల్‌కు, కాకికి ఉన్నట్టు దీనికి రుతువు లేదు, ఏడాది పొడవునా పిల్లలు పెడుతూనే ఉంటుంది. రెండు గుడ్లు, పద్దెనిమిది రోజుల పొదుగు, ఆపైన ఇంచుమించు నెల రోజులకు పిల్లలు ఎగిరిపోతాయి. మీకు దొరికే సందు చాలా చిన్నది: పిల్లలు ఎగిరిన రోజే పని ముగించాలి. మీ నాన్నగారిని ఆ పూట వేరే ఇంటికి పంపండి. ఎన్95 మాస్కు, చేతితొడుగులు వేసుకుని, రెట్ట మీద సబ్బునీళ్లు బాగా చల్లి నానిన తర్వాతే గీకండి. పొడిగా ఊడ్చడమే అన్నిటికన్నా ప్రమాదం. ఆ వెంటనే ఏసీ చుట్టూ వల బిగించండి. గట్టు మీద ఏటవాలుగా పలక బిగిస్తే పుల్ల నిలవదు. పక్క ఫ్లాట్లవాళ్లు కూడా అదే వారంలో చేయకపోతే మీ పావురాలు వాళ్ల ఏసీకి మారతాయి, ఆ తర్వాత మళ్లీ మీ దగ్గరికే వస్తాయి.

జొన్నలు చల్లే పెద్దమనిషితో వాదన పెట్టుకోకుండా మీ నాన్నగారి వైద్యుడి మాట చూపించండి. ముంబయిలో పావురాలకు గింజలు వేసే చోట్లను ఆరోగ్య కారణాలతో మూసివేయడం 2025లో హైకోర్టు దాకా వెళ్లింది. అక్కడా అటువైపు వాదించినది పుణ్యమే. ఆయనకు అన్నదానం మీద మనసుంటే తిరుపతిలో అందుకు చోటు వెతుక్కోనక్కరలేదు.

ప్రశ్న: కరకంబాడి రోడ్డులో మా వీధి చివర ఒక కల్యాణ మండపం ఉంది. ముహూర్తాల రోజులలో ఎంగిలి విస్తళ్లు, మాంసపు ముక్కలు వెనక ఖాళీ స్థలంలో పోస్తారు. తెల్లవారేసరికి గద్దలు పదుల కొద్దీ చేరుతున్నాయి. పిల్లల చేతిలో తిండి తన్నుకుపోతున్నాయి. గరుడపక్షిని ఏమీ అనకూడదని మా అమ్మ చేతులు జోడిస్తుంది.

జవాబు: ముందు మీ అమ్మగారి సందేహం తీరుస్తాం. గరుడపక్షికి తల, రొమ్ము తెల్లగా, రెక్కలు, వీపు ఇటుక రంగులో ఉంటాయి, తోక చివర గుండ్రంగా ఉంటుంది. మీ కుప్ప మీద చేరేవి ఒళ్లంతా ముదురు గోధుమ రంగులో, తోక చీలి ఉంటే అవి మామూలు నల్లగద్దలు. నమస్కారం రెండింటికీ పెట్టవచ్చు, తిండి రెండింటికీ పెట్టకూడదు.

తప్పు గద్దది కాదు, కుప్పది. కుప్ప తీసేస్తే కొద్ది రోజులలో గద్దలు వేరే చోటు వెతుక్కుంటాయి. ఈలోగా పిల్లలను తిండి పట్టుకుని ఆ వైపు పంపవద్దు. గద్ద వెనకనుంచి వస్తుంది కాబట్టి తలకు తాటాకు టోపీ పెట్టినా లాభం లేదు, తిండి కనబడకుండా మూత ఉన్న డబ్బాలో పెట్టడమే మార్గం.

మీ ఫిర్యాదుకు బలం ఇచ్చే సంగతి ఇంకొకటి ఉంది. మీరున్న చోటు రేణిగుంట విమానాశ్రయానికి దగ్గర. 1937 విమాన నియమాలలోని 91వ నియమం ప్రకారం విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించే విధంగా చెత్త పోయడం, జంతువులను వధించి వ్యర్థాలు పారేయడం నిషేధం. కిలో బరువైనా లేని గద్ద దిగుతున్న విమానం ఇంజనులోకి వెళితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కాబట్టి "కంపు కొడుతోంది" అని మాత్రమే రాయకండి. తేదీలతో ఫొటోలు జతచేసి, విమానాశ్రయం నుంచి మీ వీధి ఎంత దూరమో రాసి, పక్షులు చేరుతున్నాయని స్పష్టంగా పేర్కొని, మీ స్థానిక సంస్థ ఆరోగ్య విభాగానికి ఇవ్వండి. ఒక నకలు విమానాశ్రయ డైరెక్టరు కార్యాలయానికి పంపి, రెండు చోట్లా రసీదు తీసుకోండి. మండపం యజమానితో కూడా ఒకసారి నేరుగా మాట్లాడి చూడండి. తడి చెత్తను మూత ఉన్న డ్రమ్ములలో నింపి ఆ రాత్రే బండికి ఎక్కిస్తే ఆయనకు అయ్యే ఖర్చు, ఒక పెళ్లికి వేసే పూలపందిరి ఖర్చులో ఏ మూలకూ రాదు.